గ్రహాంతరవాసులతో పోరాడే సైడ్ స్క్రోలింగ్ యాక్షన్ ఆర్‌పీజీని ఇద్దరం కలిసి తయారు చేయగలమా? ఎక్కడ మొదలుపెట్టాలి?

గుంటూరులో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న మీరు, మీ స్నేహితుడు కలిసి, భూమి మీదికి దండెత్తి వచ్చిన గ్రహాంతరవాసులతో పోరాడే ఆటను తయారు చేయాలనుకుంటున్నామని, అది కాంట్రా అనే పాత ఆట లాగా పక్కకు జరుగుతూ సాగాలని, అయితే ఆర్‌పీజీల్లో లాగా ఆడేకొద్దీ పాత్ర బలమూ ఆయుధాలూ పెరగాలని రాశారు. ఎక్కడ మొదలుపెట్టాలి, పోరాటానికీ, పాత్ర బలాన్ని సూచించే లెవెల్స్‌కూ పొత్తు ఎలా కుదర్చాలి, సంభాషణలు తెలుగులో పెట్టవచ్చా, ఎంత కాలం పడుతుంది అన్నవి మీ ప్రశ్నలు. విజయవాడలో మేము ముగ్గురం ఉద్యోగాలు చేసుకుంటూనే రెండేళ్ల పైచిలుకు శ్రమించి ఇలాంటి ఆటనే, మూడు స్టేజీలతో, పూర్తి చేశాం. ఆ పనిలో తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. మీ రెండో ప్రశ్నకు ఎక్కువ చోటు ఇస్తాను, ఎందుకంటే మా ఆట దాదాపు చెడిపోయిందీ, తిరిగి నిలబడిందీ అక్కడే.

1987లో కోనామి విడుదల చేసిన కాంట్రాలో ఒక్క తూటా తగిలినా ప్రాణం పోతుంది. ఎంతసేపు ఆడినా ఆ సైనికుడి దేహబలం పెరగదు, ఆడేవాడి నేర్పు పెరుగుతుంది. వేసవి సెలవుల్లో టీవీకి తగిలించిన వీడియో గేమ్‌లో ఆ క్యాసెట్ పెట్టి, ముప్పై ప్రాణాల కోడ్ నొక్కి ఆడినవాళ్లకు కూడా ఎనిమిదో స్టేజీ దాటాలంటే శత్రువు ఎక్కడి నుంచి దూకుతాడో కంఠతా రావలసిందే. అదే సంవత్సరం నింటెండో తెచ్చిన జెల్డా రెండో ఆటలో పోరాటం పక్కనుంచి కనిపించే తెర మీదే జరుగుతుంది గానీ, శత్రువులను ఓడించిన కొద్దీ అనుభవం పోగై, దాడి, మంత్రశక్తి, ప్రాణం అనే మూడింటిలో ఒకదాన్ని పెంచుకునే వీలు కలుగుతుంది. 1997లో వచ్చిన కాసిల్వేనియా: సింఫనీ ఆఫ్ ది నైట్‌లో లెవెల్స్‌తో పాటు కత్తులు, కవచాలు కూడా చేరాయి, అందువల్ల చేతి నేర్పు తక్కువైనవాళ్లు సైతం ఓపిక పట్టి ముందుకు వెళ్లగలిగారు. మీరు కలపాలనుకుంటున్నవి ఈ రెండూ. ఒకటి ఆడేవాడి చేతిలో పెరిగే బలం, మరొకటి ఆటలోని అంకెల్లో పెరిగే బలం. రెండోది మొదటిదాన్ని మింగేయకుండా చూసుకోవడమే ఈ రకం ఆటలో అన్నిటికన్నా కష్టమైన పని అని నా గట్టి అభిప్రాయం.

మాకు ఇది తెలిసిన రోజు నాకు బాగా గుర్తు. సంక్రాంతికి ఇంటికి వచ్చిన మా పెద్దమ్మ మనవడికి, వాడికి పన్నెండేళ్లు, మొదటి స్టేజీ ఆడమని ఇచ్చి పక్కన కూర్చున్నాను. వాడు మొదట్లోనే ఎదురయ్యే ఇద్దరు గ్రహాంతరవాసులను చంపి, వెనక్కి వెళ్లి, వాళ్లు మళ్లీ పుట్టగానే మళ్లీ చంపి, అలా నలభై నిమిషాలు గడిపి తొమ్మిదో లెవెల్‌కు చేరాడు. తర్వాత తిన్నగా స్టేజీ చివర ఉండే పెద్ద శత్రువు, అంటే బాస్ దగ్గరికి వెళ్లి, ఉన్నచోటు నుంచి కదలకుండా బటన్ నొక్కుతూ నిలబడ్డాడు. బాస్ కూలిపోయింది. ఆ బాస్‌కు మేము ఐదు రకాల దాడులు పెట్టి, వాటి బొమ్మలకే మూడు వారాలు వెచ్చించాం. వాడు వాటిలో ఒక్కటి కూడా చూడలేదు. "అయిపోయిందా?" అని అడిగి పతంగి ఎగరేయడానికి డాబా మీదికి వెళ్లిపోయాడు. వాడిని తప్పు పట్టడానికి ఏమీ లేదు, అలా ఆడటమే లాభమని మా ఆటే వాడికి నేర్పింది.

కారణాలు వెతికితే మొదటిది దెబ్బను లెక్కగట్టే సూత్రంలోనే దొరికింది. మేము దాడి నుంచి రక్షణను తీసివేసి, మిగిలినదాన్ని దెబ్బగా లెక్కించాం. బాస్ రక్షణ 8, ప్రాణం 200 అనుకోండి. పాత్ర దాడి 10 అయితే దెబ్బ 2, అంటే వంద సార్లు కొట్టాలి. దాడి 12 కాగానే దెబ్బ 4 అవుతుంది, యాభై సార్లు చాలు. దాడి 18 చేరితే దెబ్బ 10, ఇరవై సార్లలో పని అయిపోతుంది. దాడి రెండింతలైనా కాకముందే దెబ్బ ఐదింతలు అయిందన్నమాట. దాని బదులు దాడిని దాడితోనే గుణించి, వచ్చినదాన్ని దాడి రక్షణల మొత్తంతో భాగించి చూడండి. అవే విలువలకు దెబ్బ సుమారు 5.6, 7.2, 12.5 వస్తుంది, బాస్‌కు కావలసిన దెబ్బలు 36, 28, 17 అవుతాయి. బలం పెరిగిన సంగతి ఆడేవాడికి తెలుస్తుంది, అయినా ఆ పదిహేడు దెబ్బలు వేసేలోపు బాస్ ఏం చేస్తోందో చూడక తప్పదు.

రెండో కారణం లెవెల్ మారడానికి కావలసిన పాయింట్లు. మేము మొదటిదానికి 100 పెట్టి, ఆపై ప్రతి లెవెల్‌కూ రెట్టింపు చేస్తూ పోయాం. రాసేటప్పుడు అది చక్కగానే అనిపించింది గానీ, పదోసారికి 51,200 కావాలి, ఒక్కో శత్రువుకు 10 పాయింట్ల చొప్పున 5,120 మందిని చంపాలి. మొదట్లో విచ్చలవిడిగా బలం వచ్చి, చివర్లో పూర్తిగా ఆగిపోతుంది. దాన్ని తీసేసి, ప్రతిసారీ అంతకుముందు కన్నా 60 మాత్రమే ఎక్కువ అడిగేలా మార్చాం. పదోసారికి 640 అవుతుంది. ఒకే చోట పుట్టే శత్రువును రెండోసారి చంపితే సగం, మూడోసారి అందులో సగం పాయింట్లే ఇచ్చాం, దానితో ఒకేచోట తిష్ఠ వేయడం దానంతటదే తగ్గింది.

అన్నిటికన్నా మేలు చేసిన మార్పు ఇంకొకటి. లెవెల్ పెరిగినప్పుడు అంకెను తక్కువగా పెంచి, చేయగలిగే పనిని పెంచాం. మూడో లెవెల్‌లో గాలిలో రెండో గెంతు, ఐదులో శత్రువు తూటాను తిప్పికొట్టడం, ఏడులో వరసగా నిలిచిన ఇద్దరిని ఒకే గుండుతో పడగొట్టడం వస్తాయి. తిప్పికొట్టాలంటే సరైన క్షణంలో బటన్ నొక్కాలి, కాబట్టి లెవెల్ వచ్చినా నేర్పు లేనిదే అది ఉపయోగపడదు. ఉగాదికి అదే పిల్లవాడు మళ్లీ ఆడి, బాస్ చేతిలో ఆరుసార్లు ఓడి, ఏడోసారి దాని తూటాను దానికే తిప్పికొట్టి గెలిచినప్పుడు వేసిన కేకకు మా ఇంట్లో అందరూ పరుగెత్తుకొచ్చారు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఆట విడుదలైన రోజున కూడా కలగలేదు.

దండెత్తి వచ్చినవాళ్లను భయంకరంగా చూపించడానికి వాళ్ల ప్రాణాన్ని పెంచుకుంటూ పోవద్దు. 1978లో తొమొహిరో నిషికాదో టైటో సంస్థకు రూపొందించిన స్పేస్ ఇన్వేడర్స్‌లో 55 మంది గ్రహాంతరవాసులు వరసలు కట్టి దిగుతారు. ఒక్కొక్కరూ చచ్చే కొద్దీ ఆ యంత్రం గీయవలసిన బొమ్మలు తగ్గి, మిగిలినవాళ్లు వేగంగా కదిలేవారు, ఆయన దాన్ని సరిదిద్దకుండా ఆటలో భాగంగా ఉంచేశారు. మేము ఆ ఆలోచనను అరువు తెచ్చుకుని, ఐదుగురి గుంపులో చివరివాడు మిగలగానే వాడు పారిపోయి మరో గుంపును పిలుచుకొచ్చేలా చేశాం. ఒక్క అంకె కూడా మార్చలేదు, కానీ ఎవరిని ముందు కొట్టాలి, ఎవరిని చివరికి ఉంచాలి అని ఆడేవాళ్లు ఆలోచించడం మొదలైంది.

ఇక మొదలుపెట్టడం గురించి. బొమ్మలు గీయకండి. ఒక నీలి దీర్ఘచతురస్రం మీ పాత్ర, ఒక ఎర్ర దీర్ఘచతురస్రం గ్రహాంతరవాసి. వాటితోనే పరుగు, గెంతు, దెబ్బ మూడూ హాయిగా అనిపించేదాకా పని చేయండి. తెర మీద సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు, మారే లెక్కన, పాత్ర అంచు దాటిన తర్వాత 6 ఫ్రేముల లోపు గెంతు నొక్కినా దాన్ని ఒప్పుకోవాలి, లేకపోతే "నేను నొక్కాను, అది గెంతలేదు" అని ప్రతి ఒక్కరూ అంటారు. దెబ్బ తగిలిన క్షణాన మొత్తం తెరను నాలుగు ఫ్రేములు ఆపి వదిలితే ఆ దెబ్బకు బరువు వస్తుంది. శత్రువు కాల్చే ముందు 24 ఫ్రేముల పాటు చెయ్యి ఎత్తి కనిపించాలి, తప్పించుకునే అవకాశం ఇవ్వకుండా తగిలిన తూటా ఆడేవాడికి అన్యాయంగా తోస్తుంది. పాత్రకు దెబ్బ తగిలే పరిధిని బొమ్మకన్నా కొంచెం చిన్నదిగా ఉంచండి. మేము ముందు బొమ్మలు గీసుకుని తర్వాత కదలికలు సరిచేయబోయి, గీసినవాటిలో సగం పారేయవలసి వచ్చింది.

కథాస్థలం కోసం దూరం పోనక్కరలేదని కూడా చెబుతాను. మా మొదటి స్టేజీ ప్రకాశం బ్యారేజీ. 70 గేట్లు ఒకే కొలతలో వరసగా ఉండే కట్టడం కనుక ఒక గేటు గీసుకుంటే బ్యారేజీ మొత్తం వచ్చేస్తుందని సంబరపడ్డాం. తీరా చూస్తే, ఎంత పరుగెత్తినా దృశ్యం మారక, పాత్ర కదులుతోందో లేదో కూడా తెలియలేదు. అప్పుడు కొన్ని గేట్లు ఎత్తి నీళ్లు దూకేలా, కొన్ని మూసి ఉండేలా, అక్కడక్కడ దీపం ఆరిపోయినట్టు మార్చాం. ఈ ఆటల్లో నడక ఎడమ నుంచి కుడికి సాగుతుంది కదా. విజయవాడ నుంచి అవతలి ఒడ్డున ఉన్న సీతానగరం వైపు వెళ్తే తెర వెనుక దిగువ నది పడుతుంది. మాకు నిండుగా ఉన్న ఎగువ నీళ్లూ, భవానీ ద్వీపమూ కావాలి. అందుకని పరుగును సీతానగరం వైపు నుంచి మొదలుపెట్టాం. దూరాన్ని బట్టి ఒక్కో పొరను ఒక్కో వేగంతో జరిపితే, నీళ్లు కొంత వేగంగా, ద్వీపం నెమ్మదిగా కదులుతాయి, చివర్లో ఇంద్రకీలాద్రి ఎదురుగా పెద్దదవుతూ వస్తుంది. ఆ కొండ కనిపించగానే మా ఊరివాళ్లు ఎవరూ చెప్పకుండానే స్టేజీ ముగింపు దగ్గరపడిందని గ్రహించారు. మీకు గుంటూరు మిర్చి యార్డు ఉంది. కొండల్లా పేర్చిన టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎక్కి దిగడానికి మెట్లవుతాయి, చాటున దాక్కోవడానికి గోడలవుతాయి, తూటా తగిలి చిరిగిన టిక్కీ నుంచి లేచే కారపు ధూళి కాసేపు ఇరుపక్షాలనూ నెమ్మదింపజేయవచ్చు. అటువంటి స్థలం ఇంకే దేశపు ఆటలోనూ నేను చూడలేదు.

తెలుగు సంభాషణలు తప్పక పెట్టండి, కానీ ముందే సిద్ధపడండి. మేము మొదట వాడిన గేమ్ ఇంజిన్‌లో (ఆట తయారీకి వాడే సాఫ్ట్‌వేర్‌లో) ఒత్తులు విడిపోయి, ప్రతి మాటా పొల్లులతో కనిపించింది. 2023 మార్చిలో వచ్చిన గోడో 4 సంయుక్తాక్షరాలను సరిగ్గా కూర్చగలదు, పైగా అది ఉచితం, అందువల్ల మీకు దాన్నే సూచిస్తాను. రెండో ఇబ్బంది తెర కొలతది. పిక్సెల్ బొమ్మల కోసం 320×180 తీసుకుంటే, ఆరు రెట్లు పెంచగానే సరిగ్గా 1920×1080 అవుతుంది. అయితే ఇంగ్లిష్ అక్షరం 8 పిక్సెళ్ల ఎత్తులో ఇమిడిపోయినట్టు, పైన గుడిదీర్ఘమూ కింద రెండు ఒత్తులూ ఉన్న "స్త్రీ" ఇమడదు. మాటలను వేరే పొర మీద, పూర్తి కొలతలో రాయండి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే మండలి, రామభద్ర రెండూ మాకు పనికొచ్చాయి.

ఇంకొక సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. పాత్ర మాట్లాడుతుంటే అక్షరాలు ఒక్కొక్కటిగా తెర మీద పడటం ఈ ఆటల్లో ఆనవాయితీ. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూనికోడ్ పద్ధతిలో "స్త్రీ" అంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు గుర్తులు. వాటిని ఒక్కొక్కటిగా విడుదల చేస్తే స, స్, స్త అంటూ మాట కళ్లముందే రూపాలు మార్చుకుంటుంది. పొల్లు తర్వాత హల్లు వస్తే రెంటినీ కలిపి, గుణింతపు గుర్తును ముందరి హల్లుతో చేర్చి, వాక్యాన్ని ముందే అక్షరాలుగా విడగొట్టి దాచుకోండి. పాతిక వరసల కోడ్‌తో అయిపోయే పని. అది చేసిన తర్వాత మా ఆటలో గేట్ల దగ్గర పనిచేసే తాతగారు మాట్లాడిన మొదటి వాక్యం అక్షరం అక్షరంగా కుదురుగా పడుతుంటే, మా ముగ్గురికీ అది నిజంగా మన భాషలో పుట్టిన ఆట అనిపించింది.

కాలం విషయానికి వస్తే, ఆదివారాలూ రాత్రులూ కలిపి మా మొదటి స్టేజీకి ఏడు నెలలు పట్టింది. మధ్యలో కంప్యూటర్ డిస్కు పాడై మూడు వారాల పని పోయింది, కాబట్టి మొదటి రోజు నుంచే గిట్ (మార్పులన్నీ భద్రపరిచే సాధనం) వాడి రోజూ మరోచోట నకలు ఉంచండి. మీకు సెమిస్టర్ పరీక్షలు ఉంటాయి కనుక ఏడాదికి ఒక స్టేజీ, ఇద్దరు ముగ్గురు శత్రువులు, ఒక బాస్ చాలు. ఇద్దరిలో ఒకరు కదలికలూ దెబ్బల లెక్కా చూసుకుంటే, రెండోవారు స్టేజీ అమరికా బొమ్మలూ చూసుకోవచ్చు, కానీ సంఖ్యలన్నీ ఒకే పట్టికలో ఉంచి ఇద్దరూ మార్చగలిగేలా పెట్టుకోండి, మా గొడవల్లో సగం ఆ పట్టిక లేకపోవడం వల్ల వచ్చినవే. దీర్ఘచతురస్రాల ఆట సిద్ధం కాగానే కనీసం ఐదుగురి చేత, మీరు నోరు మెదపకుండా పక్కన కూర్చుని ఆడించండి. వాళ్లు ఎక్కడ చనిపోయారో, ఎక్కడ వెనక్కి వెళ్లారో కాగితం మీద రాసుకుని ఇక్కడ పెడితే, మీ పట్టికను చూసి ఏ విలువ మార్చాలో చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను.