ఇంటి వెనక క్లబ్బు, చేతిలో నోటీసు

ఈ నెల మీ ఉత్తరాల్లో సగం మందు గురించే. తాగడం గురించి కాదు, అమ్ముకోడానికి క్లబ్బులకిచ్చే లైసెన్సుల గురించి. అమెరికా నుంచి వచ్చినవే ఎక్కువ, ఒకటి మాత్రం హైదరాబాద్ నుంచి. మొదటి ఉత్తరం రాసినాయనకి హియరింగ్ దగ్గర పడిందని విడిగా జవాబు పంపేశాను, మిగతావాళ్లకీ పనికొస్తుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: మాది బోస్టన్‌కి పడమటి వైపు ఒక చిన్న టౌను. ఇల్లు కొని రెండేళ్లయింది. పెరట్లో కంచె అవతల స్విమ్మింగ్, టెన్నిస్ క్లబ్బు ఉంది, మెంబర్లకి మాత్రమే. పోయిన వారం రిజిస్టర్డ్ పోస్టులో ఒక కాగితం వచ్చింది. క్లబ్బువాళ్లు మందు లైసెన్సు అడిగారట, టౌన్ హాల్లో రాత్రి ఏడింటికి హియరింగట. ఇద్దరు చిన్నపిల్లలు, మా ఆవిడకి ఒకటే టెన్షన్. మేమింకా హెచ్‌-1బీ మీదే ఉన్నాం, ఓటు లేదు. వెళ్లి మాట్లాడొచ్చా? పక్కింటివాళ్లు ఆ క్లబ్బులో మెంబర్లు, వాళ్లకి కోపం వస్తుందేమో.

జవాబు: వెళ్లండి. ఆ కాగితం మీకు వచ్చింది ఓటరని కాదు, మీ స్థలం క్లబ్బుని ఆనుకుని ఉందని. మసాచుసెట్స్ మద్యం చట్టం (138వ అధ్యాయం అంటారు) ప్రకారం లైసెన్సు దరఖాస్తు గురించి పేపర్లో ప్రకటన పడాలి, ఆనుకుని ఉన్న ఆస్తులవాళ్లకి రిజిస్టర్డ్ పోస్టులో కబురు వెళ్లాలి, ప్రకటన పడ్డాక 10 రోజులైనా ఆగాకే హియరింగ్ జరగాలి. మీ వీసా ఏంటన్నది వాళ్లకి అక్కర్లేదు, పేరూ అడ్రసూ చెప్పి మాట్లాడటమే.

వినేది చిన్న టౌన్లలో సాధారణంగా సెలెక్ట్ బోర్డు (టౌను నడపడానికి ఓటర్లు ఎన్నుకున్నవాళ్లు), బోస్టన్ లాంటి చోట ప్రత్యేకంగా లైసెన్సింగ్ బోర్డు. వాళ్లు సరేనన్నాక కూడా రాష్ట్రంలోని ఏబీసీసీ, అంటే మద్యం కంట్రోల్ కమిషన్, ఒప్పుకోవాలి. కానీ మీ మాట చెల్లేది మొదటి మెట్టు దగ్గరే.

ఇక ఏం మాట్లాడాలన్నది. చాలా ఏళ్ల కింద మా టౌన్లో ఇలాంటి హియరింగ్‌కి వెళ్లాను. మన తెలుగాయనే ఒకాయన లేచి, తాగుడు వల్ల సంసారాలు ఎలా గుల్లవుతాయో మూడు నిమిషాలు ఆవేశంగా చెప్పారు. అందులో అబద్ధం ఏమీ లేదు. ఛైర్మన్ థాంక్యూ అని తర్వాతి పేరు పిలిచాడు. అప్పుడు లేచింది డెబ్భై దాటిన ఒకావిడ, చేతిలో స్కూలు పిల్లల నోట్‌బుక్కు. ఆ క్లబ్బు అప్పటిదాకా ఒక్కరోజు లైసెన్సులతో పార్టీలు నడుపుతూ వచ్చింది. ఏ శనివారం రాత్రి ఎన్నింటిదాకా పార్కింగ్ లాట్‌లో కారు తలుపులు ధడేల్మంటూ ఉన్నాయో, ఎన్నింటికి ఖాళీ సీసాలు డంప్‌స్టర్‌లో గుమ్మరించారో, తారీఖులతో సహా చదివింది. బోర్డువాళ్లు ఆవిణ్ణి పది నిమిషాలు ప్రశ్నలడిగారు. లైసెన్సు వచ్చింది, రాకపోలేదు. కానీ బయట కూర్చోబెట్టి పొయ్యడం రాత్రి 9కి ఆపాలి, సీసాలు పొద్దున ఎనిమిది దాటాకే పారబొయ్యాలి, దీపాలు ఇళ్లవైపు తిప్పకూడదు అని షరతులు లైసెన్సు మీదికెక్కాయి.

అంటే మద్యం మంచిదా చెడ్డదా అన్నది బోర్డు తేల్చాల్సిన విషయం కాదు. ఈ చోట, ఈ క్లబ్బుకి, ఈ టైముల్లో లైసెన్సు అవసరమా, ఇస్తే చుట్టుపక్కలవాళ్లకి ఇబ్బంది లేకుండా నడుస్తుందా అన్నదే వాళ్లు చూస్తారు. కాబట్టి మీ పిల్లల పడగ్గది కిటికీకీ వాళ్ల డాబాకీ ఎన్ని అడుగులో టేపు పెట్టి కొలిచి చెప్పండి, రెండు ఫొటోలు పట్టుకెళ్లండి. ఈ లైసెన్సులకి రాత్రి 11 దాటాక ఎంతసేపన్నది టౌను చేతిలో ఉండే విషయం, కాబట్టి టైము గురించి గట్టిగా అడగండి.

ఇంకో ప్రశ్న తప్పకుండా వెయ్యండి. క్లబ్బు లైసెన్సంటే మెంబర్లకీ, మెంబర్లు వెంట తెచ్చిన గెస్టులకీ తప్ప మరెవరికీ పొయ్యకూడదు. మరి హాలుని పెళ్లిళ్లకీ బర్త్‌డేలకీ బయటివాళ్లకి అద్దెకిస్తారా? ఇస్తామంటే ఆ 150 మందీ ఎవరి గెస్టులు? ఈ ఒక్క ప్రశ్నకి క్లబ్బు లాయరు నీళ్లు నమలడం నేను చూశాను. మీకు నిద్ర లేకుండా చేసేది టెన్నిస్ ఆడి ఒక బీరు తాగి ఇంటికెళ్లే మెంబరు కాదు, డీజే పెట్టిన బయటి పార్టీ.

అన్నీ ఇప్పుడే ఎందుకంటున్నానంటే, ఈ లైసెన్సులు డిసెంబర్ 31తో అయిపోతాయి, కానీ నవంబర్‌లో మళ్లీ అదే రకానికి దరఖాస్తు పెడితే దాదాపు హక్కుగా వచ్చేస్తుంది, చట్టంలోనే అలా ఉంది. ఏడాది చూసి అప్పుడు అడుగుదాంలే అనుకుంటే మీరే అన్నీ రుజువు చెయ్యాల్సి వస్తుంది. పైగా లైసెన్సు రాకపోతే క్లబ్బు 5 రోజుల్లో ఏబీసీసీకి అప్పీలు పెట్టుకోవచ్చు గానీ, వచ్చేస్తే పక్కింటివాళ్లకి అంత సులువైన దారి లేదు. టౌన్లో పన్ను కట్టేవాళ్లో, ఆ పోలింగ్ ప్రాంతం ఓటర్లో 25 మంది సంతకాలు పెడితే కమిషన్ విచారించొచ్చు, అంతే. విచారించి తీరాలని లేదు.

పక్కింటివాళ్ల సంగతి: హియరింగ్‌కి ముందే ఒక శనివారం పగటిపూట క్లబ్బుకి వెళ్లి మేనేజర్‌తో మాట్లాడండి. మేం వద్దనడం లేదు, రాత్రి తొమ్మిదికి బయట సర్వీసు ఆపుతామని రాసిస్తే చాలు అనండి. బోర్డు ముందు గొడవ ఎందుకని చాలా క్లబ్బులు అక్కడే ఒప్పేసుకుంటాయి. ఒప్పుకున్నది మాత్రం నోటిమాటగా వదిలెయ్యకండి, హియరింగ్‌లో పైకి చదివించి లైసెన్సులో రాయించుకోండి.

ప్రశ్న: మేం గుడి కమిటీలో ఉన్నాం, మాదీ మసాచుసెట్సే. గుడికి రోడ్డవతల ఒక సోషల్ క్లబ్బు బార్ లైసెన్సు అడుగుతోంది. గుడి దగ్గర మందు కుదరదని మేం ఉత్తరం రాస్తే ఆగిపోతుందని ఒక పెద్దాయన అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఆ పెద్దాయన చెప్పింది ఒకప్పటి చట్టం. అప్పట్లో 500 అడుగుల లోపు ఉన్న చర్చి గానీ స్కూలు గానీ వద్దని రాసిచ్చేస్తే లైసెన్సు ఆగిపోయేది. 1977లో కేంబ్రిడ్జిలోని హార్వర్డ్ స్క్వేర్‌లో గ్రెండెల్స్ డెన్ అనే రెస్టారెంటు లైసెన్సు అడిగితే, పది అడుగుల దూరంలో ఉన్న హోలీ క్రాస్ ఆర్మేనియన్ చర్చి వద్దంది. తమాషా ఏంటంటే ఆ చుట్టుపక్కల అప్పటికే పాతిక లైసెన్సులు ఉన్నాయి. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ప్రభుత్వం చెయ్యాల్సిన నిర్ణయాన్ని ఒక మత సంస్థ చేతిలో పెట్టడం కుదరదని 1982లో 8-1తో ఆ వీటోని కొట్టేశారు.

ఇప్పుడున్న నిబంధన వేరు. 500 అడుగుల లోపైతే బోర్డు హియరింగ్ పెట్టి, అక్కడి చదువుకీ ఆధ్యాత్మిక కార్యక్రమాలకీ ఇది చెరుపు చెయ్యదని రాతపూర్వకంగా తేల్చాలి, అప్పుడే ఇవ్వొచ్చు. చట్టంలో చర్చి, సినగాగ్ (యూదుల ప్రార్థనాలయం) అన్న మాటలే ఉన్నాయి, గుడి అని లేదు. అయినా గుడిని వేరుగా చూస్తామని ఏ టౌను లాయరూ బోర్డుకి సలహా ఇవ్వడనే నా నమ్మకం. మీరు చూసుకోవాల్సిన మెలిక ఇంకొకటుంది. ఆరాధనకే కేటాయించిన, ఆ పనికి క్రమం తప్పకుండా వాడుకలో ఉన్న భవనమై ఉండాలి, వేరే పనులకి వాడే పెద్ద భవనంలో ఓ మూల ఉన్న ప్రార్థన గది లెక్కలోకి రాదు. మనవాళ్ల గుళ్లు కొన్ని ఇప్పటికీ ఆఫీసు పార్కుల్లో అద్దె గదుల్లో నడుస్తున్నాయి కదా, మీది అలాంటిదైతే దీని మీద ఆశ పెట్టుకోకండి. సొంత భవనమైతే మాత్రం పూజల టైములు, శుక్రవారం సాయంత్రం పిల్లల తెలుగు క్లాసులు, పార్కింగ్ ఎక్కడ చేస్తారు, అన్నీ రాసి ఇవ్వండి.

ప్రశ్న: పెన్సిల్వేనియాలో ఉంటాను. కొలీగ్ నన్ను తన క్లబ్బుకి గెస్టుగా తీసుకెళ్లాడు. బార్‌లో నాకు మాత్రం పొయ్యలేదు, అడిగితే ప్రైవేట్ క్లబ్బు, మా ఇష్టం అన్నారు. నా రంగు చూసే అని నా అనుమానం. లైసెన్సు ఇచ్చింది ప్రభుత్వమే కదా, ఇలా చెయ్యొచ్చా?

జవాబు: చదువుతుంటేనే ఒళ్లు మండింది. మీ రాష్ట్రంలోనే, హారిస్‌బర్గ్‌లో, 1968లో అచ్చం ఇదే జరిగింది. కె. లెరాయ్ ఇర్విస్ అనే నల్లజాతి శాసనసభ్యుణ్ణి ఒక మెంబరు మూస్ లాడ్జ్ అనే ప్రైవేట్ క్లబ్బుకి గెస్టుగా తీసుకెళ్తే ఆయనకి వడ్డించలేదు. మీరడిగిన ప్రశ్నే ఆయనా కోర్టులో అడిగారు: లైసెన్సు ఇచ్చిన ప్రభుత్వానికి ఇందులో భాగం లేదా అని. 1972లో అమెరికా సుప్రీంకోర్టు 6-3తో లేదు పొమ్మంది, లైసెన్సు ఇచ్చినంత మాత్రాన క్లబ్బు చేసింది ప్రభుత్వం చేసినట్టు కాదంది. ఒప్పుకోని జడ్జి డగ్లస్ మాత్రం హారిస్‌బర్గ్‌లో లైసెన్సుల కోటా ఎప్పుడో నిండిపోయిందని గుర్తు చేశారు. కొత్త క్లబ్బు పెట్టుకుందామన్నా లైసెన్సు దొరకదు కదా, మరి ఆ ఉన్నవి ప్రభుత్వం పంచిపెట్టినవి కావా అని. నాకైతే ఆయన మాటే సబబనిపిస్తుంది.

కథ అక్కడితో అయిపోలేదు. గెస్టుల్ని రానిస్తున్నారు కాబట్టి ఆ బార్, డైనింగ్ రూము రాష్ట్ర చట్టం కింద ప్రజలకి తెరిచిన చోటేనని పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు అదే ఏడాది చెప్పింది. కాబట్టి మీరు లైసెన్సు దారి పట్టుకోకుండా వివక్ష మీద ఫిర్యాదులు వినే ఆ రాష్ట్ర హ్యూమన్ రిలేషన్స్ కమిషన్‌కి ఫిర్యాదు పెట్టండి. గడువు 180 రోజులు, ఆలస్యం చెయ్యొద్దు. మీ కొలీగ్ సాక్ష్యం చెబుతాడా అన్నది ముందు కనుక్కోండి, అతని మెంబర్షిప్పు కూడా ఇందులో ఉంది. అన్నట్టు ఇర్విస్ 1977లో పెన్సిల్వేనియా ప్రతినిధుల సభకి స్పీకర్ అయ్యారు.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా కాలనీ పక్క క్లబ్బులో బార్ పెట్టారు. మమ్మల్నెవరూ అడగలేదు. అమెరికాలోలా ఇక్కడ హియరింగులు ఉండవా?

జవాబు: పక్కింటివాళ్లని టౌన్ హాల్లో కూర్చోబెట్టి వినే పద్ధతి మన దగ్గర లేదండీ, ఎక్సైజ్ శాఖే చూసుకుంటుంది. మనవాళ్లు పిలవకపోయినా వెళ్లి చెప్పిన సందర్భం ఒకటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలెట్టి ఆడవాళ్లు సారా వేలంపాటల్ని జరగనివ్వలేదు, 1993 అక్టోబర్ కల్లా రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. మీ కాలనీకి అంత ఉద్యమం అక్కర్లేదు. సమాచార హక్కు కింద ఎక్సైజ్ ఆఫీసులో ఆ లైసెన్సు కాపీ, షరతులు అడగండి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయటికి వినిపించేలా లౌడ్ స్పీకర్లు పెట్టకూడదని దేశమంతటికీ నిబంధన ఉంది, అది దాటితే పోలీసులకి ఫోన్ చేసి టైము రాసిపెట్టుకోండి.

ప్రశ్న: మా తెలుగు సంఘం ఉగాదికి మసాచుసెట్స్‌లో హాలు తీసుకుంది. ఒక్కరోజుకి బార్ పెట్టాలంటే ఏం చెయ్యాలి?

జవాబు: టౌను ఇచ్చే ఒక్కరోజు లైసెన్సు ఉంటుంది. సంఘం లాభాపేక్ష లేనిదిగా రిజిస్టరై ఉంటే అన్ని రకాల మద్యానికీ ఇస్తారు, లేకపోతే బీరూ వైనూ మాత్రమే. ఒకరికి ఏడాదికి 30 రోజులు మించి ఇవ్వరు. సరుకు ఎక్కడ కొనాలన్నదానికీ నిబంధనలుంటాయి కాబట్టి డిస్కౌంట్ చూసి ముందే కేసులు కొనేసుకోకండి. హాలుకి సొంత లైసెన్సు ఉందేమో ఓనర్ని కనుక్కుని, ఆ తర్వాత టౌన్ ఆఫీసుకి ఫోన్ చెయ్యండి.