వాళ్ళు మాత్రం ఎందుకు ముందు వెళ్ళాలి?

ప్రశ్న: మా అబ్బాయికి ఆరేళ్ళు. ఏ క్యూలో నిలబెట్టినా సందు చూసుకుని ముందుకు దూరిపోతాడు. ఆపితే ఏడుపు. మొన్న తిరుమలలో చంటిబిడ్డల తల్లుల్ని, ముసలివాళ్ళని వేరే దారిలో పంపుతుంటే మాత్రం 'వాళ్ళెందుకు ముందు వెళ్ళాలి?' అని నిలదీశాడు. ఏం చెప్పాలి?
– ఓ పాఠకురాలు, ఒంగోలు

జవాబు: తనకు తక్కువొస్తే పిల్లలు మూడు నాలుగేళ్ళకే గొడవ చేస్తారు. తనకు ఎక్కువొచ్చినా తప్పే అనిపించడానికి మామూలుగా ఏడెనిమిదేళ్ళు రావాలి. కాబట్టి మీవాడిది మొండితనం కాదు, వయసు.

ముందు ఓపిక సంగతి. 'ఇంకాసేపు' అంటే ఎంతో వాడికి తెలియదు. తలలు లెక్కపెట్టించండి: 'మన ముందు ఏడుగురు. ఎర్రచొక్కా అంకుల్ తర్వాత మనమే.' ఒక్కొక్కరు కదిలినప్పుడల్లా వాడే ఒక వేలు ముడవాలి. పార్కులో ఉయ్యాల దగ్గర నిమిషాలు పెట్టుకోవద్దు, ఇరవై ఊపులు అనుకోండి. ఊపులైతే ఎక్కినవాడికీ, ఎదురుచూసేవాడికీ కనబడతాయి. పదిహేడో ఊపుకే 'ఇంక మూడే' అని చెప్పాలి. చెప్పకుండా దించితేనే రాగం మొదలవుతుంది.

ఏడుస్తున్నాడని ముందువాళ్ళను బతిమాలి వాణ్ణి ముందుకు పంపారా, ఏడిస్తే వరస మారుతుందని నేర్పినట్టే. బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టే మనల్ని కూడా వాడు చూస్తూనే ఉంటాడు లెండి!

ఇక వాడి ప్రశ్న. ఇంట్లో అష్టాచెమ్మా ఆడించండి. అష్టా గానీ చెమ్మా గానీ పడినవాళ్ళు మళ్ళీ వేస్తారు. దాన్ని ఎవరూ తొండి అనరు. ఎందుకంటే ఆ నియమం ఆటకు ముందే అందరికీ తెలుసు, ఎవరికి పడినా వర్తిస్తుంది. తిరుమలలోనూ అంతే: 'ఏడాది లోపు బిడ్డ అంతసేపు ఆగలేదు. నువ్వు అంత ఉన్నప్పుడు వెళ్ళుంటే మనకూ అదే దారి.' ఆసుపత్రి ఎమర్జెన్సీలోనూ ముందొచ్చినవాళ్ళని కాదు, ఊపిరాడనివాళ్ళని ముందు చూస్తారు. కాలు బెణికినవాళ్ళు ఆగాల్సిందే.

మూడు వందల రూపాయల టికెట్టు వరస గురించి అడిగితే మాత్రం ఈ కథ చెప్పకండి. 'వాళ్ళు ముందే ఫలానా సమయానికని టికెట్టు కొనుక్కున్నారు. ఆ వరసలోనూ ఒకరి వెనక ఒకరే' అనండి. 'డబ్బులిస్తే త్వరగా పంపడం న్యాయమా?' అని తిరిగి అడిగితే, దాని మీద పెద్దవాళ్ళలోనే ఒక మాట లేదని ఒప్పుకోండి.

ఎవరైనా మధ్యలో దూరితే అనడానికి ఒక వాక్యం నేర్పండి: 'అంకుల్, లైను అక్కడ మొదలవుతుందండీ.' వినకపోతే ఆపై మాట్లాడాల్సింది వాడు కాదు, మీరు.