కీ కలిసినా డబుల్ డ్రాప్‌లో అపశ్రుతి ఎందుకు వస్తోంది?

రెండు ట్రాకుల కీ కూడా 4ఏ (అంటే ఎఫ్ మైనర్) అని డీజే సాఫ్ట్‌వేర్ చూపిస్తోంది, టెంపో కూడా సరిగ్గా కలిపారు, అయినా రెండు డ్రాపులూ (బీటు, బేస్ పూర్తి జోరుగా వచ్చే చోట్లు) ఒకేసారి పడ్డప్పుడు, అంటే డబుల్ డ్రాప్‌లో, బేస్ చెవికి ఎబ్బెట్టుగా ఉంది, కీ లాక్ (స్పీడు మారినా శ్రుతి మారకుండా ఉంచే సదుపాయం) వేయాలా అని కదా మీ ప్రశ్న. నేను మిక్స్ చేసేది ఎక్కువగా డ్రమ్ అండ్ బేస్ అనే వేగమైన ఎలక్ట్రానిక్ సంగీతమే కాబట్టి, ఈ ఇబ్బంది నాకు బాగా తెలుసు.

ముందు ఆ రెండు ట్రాకుల అసలు బీపీఎం (నిమిషానికి ఎన్ని బీట్లో) చూడండి. ఒకటి 170, ఇంకోటి 176 అయితే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. కీ లాక్ లేకుండా స్పీడు పెంచితే శ్రుతి కూడా పెరుగుతుంది. దాదాపు 6 శాతం పెంచితే ఒక పూర్తి సెమీటోన్ (పియానోలో పక్క మెట్టుకి ఉండే దూరం) పైకి పోతుంది. 170ని 176కి తేవాలంటే మూడున్నర శాతం పెంచాలి, అంటే సెమీటోన్‌లో సగానికి పైనే. అప్పుడా ట్రాకు ఎఫ్ మైనర్‌కీ, ఎఫ్ షార్ప్ మైనర్‌కీ మధ్య ఎక్కడో ఉండిపోతుంది. రెండిటినీ 173 దగ్గర కలిపినా లాభం లేదు. ఒకటి ఎక్కుతుంది, ఒకటి దిగుతుంది, మధ్య ఎడం మాత్రం అంతే ఉంటుంది.

అదే 174ని 175కి తెస్తే తేడా సెమీటోన్‌లో పదో వంతే. అందుకే ఒకటి రెండు బీపీఎంల తేడాకి నేను కీ లాక్ ముట్టుకోను. అది వేస్తే స్నేర్ డ్రమ్ దెబ్బలో పదును తగ్గుతుంది, ఈ సంగీతానికి ప్రాణమే ఆ స్నేర్. తేడా అంతకంటే ఎక్కువైతే, స్పీడు మార్చిన ట్రాకుకి మాత్రం వేస్తాను.

ఇక అసలు సంగతి సబ్ బేస్, అంటే అన్నిటికంటే కింది బేస్. ఎఫ్ మైనర్ ట్రాకులో కింది ఎఫ్ స్వరం 44 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అంత కింద రెండు వేర్వేరు స్వరాలు ఒకేసారి మోగితే అవి సామరస్యంగా వినిపించవు, గుడగుడలాడతాయి. రెండూ ఒకే స్వరమైనా, తరంగాలు ఎదురెదురుగా పడితే ఒకదాన్నొకటి మింగేసి బేస్ మాయమవుతుంది. కీ ఎంత బాగా కలిసినా ఇది తప్పదు. కాబట్టి ఒక సమయంలో ఒకే సబ్ ఉండాలి. డ్రాప్ పడే ముందే మిక్సర్ మీద ఒక ట్రాకుకి ఉన్న ‘లో’ నాబ్ (బేస్‌ని తగ్గించేది) పూర్తిగా కిందికి తిప్పేయండి, దాని వోకల్, పై బేస్ అరుపులు మాత్రం వదలండి. పదహారు బార్లయ్యాక (బార్ అంటే నాలుగు బీట్లు), అంటే 174 దగ్గర సుమారు 22 సెకన్లకి, ‘లో’ నాబ్‌లు రెండూ ఒకేసారి అటూఇటూ మార్చండి. ఆ మార్పు సరిగ్గా కొత్త ఫ్రేజ్ (కొన్ని బార్ల భాగం) మొదట్లో పడితే జనం ఊగిపోతారు!

సాఫ్ట్‌వేర్ చెప్పిన కీని కూడా ఒకసారి చెవితో సరిచూసుకోండి. జారుతూ పోయే రీస్ బేస్ (గరగరలాడే ఒక రకం సింథ్ బేస్) ఉన్న ట్రాకుల్లో అది తరచూ పొరబడుతుంది. ఫోన్‌లో ఏదైనా పియానో యాప్ తెరిచి, డ్రాప్ మీద బేస్ ఎక్కడ నిలుస్తుందో వెతికి, ఆ స్వరాన్ని ట్రాకు కామెంట్‌లో రాసిపెట్టుకోండి. క్యామెలట్ చక్రం (కీలకు 4ఏ లాంటి గుర్తులిచ్చి, ఏవి కలుస్తాయో చూపే పటం) ప్రకారం 4ఏ నుంచి 3ఏ, 5ఏ, 4బీ దేనికైనా వెళ్ళొచ్చు. ఇంట్రో, బ్రేక్‌డౌన్‌ల మీద అవన్నీ హాయిగానే ఉంటాయి. డబుల్ డ్రాప్‌కి మాత్రం నేను అదే కీలో ఉన్నవాటినే ఎంచుకుంటాను, అదీ బీపీఎం దగ్గరగా ఉంటేనే.