ప్లంబర్‌ను ఎంచుకోబోయే మేనల్లుడికి

అమలాపురం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పాలకొల్లులో మీ ఇంటి గోడలు లింటెల్ వరకు లేచాయని, తాపీ మేస్త్రీ వెంట తెచ్చే ప్లంబర్‌కే పైపుల పని అప్పగించాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. అందుకే వెంటనే ఈ ఉత్తరం రాస్తున్నాను. మేస్త్రీ మంచివాడైనంత మాత్రాన అతను తెచ్చిన ప్లంబర్‌కు పని తెలుసునని అనుకోకు. ఇంట్లో తక్కిన పనులు కంటికి కనిపిస్తాయి గాని, ప్లంబర్ పనిలో ముఖ్యమైనదంతా గిలాబా కింద, టైల్స్ కింద, మట్టిలో దాగిపోతుంది.

ఈ సంగతి నాకు నష్టపోయాకే అర్థమైంది. మా ఇల్లు కట్టినప్పుడు అందరికన్నా తక్కువకు గుత్తకు ఒప్పుకున్న మనిషికి పని ఇచ్చి, అతను గోడలో గాడి కొట్టి పైపులు వేసిన మరునాడే గిలాబా చేయించాను. రెండో వానాకాలానికి స్నానాల గది వెనుక పడకగది గోడ చెమ్మగిల్లి పెచ్చులు ఊడసాగింది. వాననీరు దిగుతోందనుకుని పై స్లాబుకు మరమ్మతు చేయించాను. ఎండాకాలంలోనూ చెమ్మ ఆరకపోయేసరికి టైల్స్ పగలగొట్టించి చూస్తే, వేడినీటి లైనులో ఒక ఎల్బో (మలుపు ముక్క) దగ్గర వేడిని తట్టుకునే సీపీవీసీ ప్లాస్టిక్ పైపును మామూలు పీవీసీ సొల్యూషన్‌తో, అంటే దానికి తగని జిగురుతో, అతికించారని తెలిసింది. మీ అత్తయ్య ఇష్టపడి ఎంచుకున్న ఆ టైల్స్ మళ్ళీ దొరకలేదు.

కాబట్టి నీ దగ్గరకు వచ్చిన ప్లంబర్‌ను మూడు నాలుగేళ్ల క్రితం తాను పని చేసిన రెండు ఇళ్లు చూపించమని అడుగు. కొత్తగా పూర్తయిన ఇల్లు ఎవరు చేసినా అందంగానే ఉంటుంది. ఆ పాత ఇళ్లలో స్నానాల గది అవతలి గోడను చేత్తో తడిమి చూడు, తూము దగ్గర వాసన వస్తోందేమో గమనించు. తూము కింద నీరు నిలిచే వంపు గొట్టమైన ట్రాపులో 50 మిల్లీమీటర్ల నీరు నిలిచి ఉంటే మురుగువాసన పైకి రాదు. వస్తోందంటే ట్రాపు సరిగా అమర్చలేదని అనుమానించాలి. తరువాత ఆ ఇంటివారితో ప్లంబర్ లేనప్పుడు మాట్లాడి, డబ్బు ముట్టాక మరమ్మతుకు పిలిస్తే వచ్చాడా అని అడుగు. ఐటీఐలో ఏడాది పాటు ప్లంబర్ ట్రేడ్ చదివిన ధ్రువపత్రం ఉంటే మంచిదే. అది లేకపోయినా, తండ్రి వెంట తిరిగి పని నేర్చుకున్న వారిలో నిపుణులను నేను ఎందరినో చూశాను.

మన డెల్టాలో పని తెలిసిన ప్లంబర్ ధర చెప్పడానికి ముందు వీధి డ్రైను ఎంత ఎత్తులో ఉందో చూస్తాడు. నేల బల్లపరుపుగా ఉంటుంది, పైగా కొత్తగా సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి మెరకై ఇల్లు పల్లమవుతుంది. 4 అంగుళాల మురుగు పైపుకు 40 నుంచి 60 అడుగుల పొడవుకు ఒక అడుగు చొప్పున వాటం ఉండాలి. ఆ వాటం మీ వీధిలో దొరుకుతుందో లేదో నీళ్లు నింపిన లెవెల్ గొట్టం పట్టి చూస్తేనే తెలుస్తుంది, దాన్ని బట్టే ఇంటి నేల ఎంత ఎత్తు లేపాలో మేస్త్రీ నిర్ణయించుకోవాలి. ఏమీ అడగకుండా, ఏమీ కొలవకుండా బాత్రూముకు ఇంత అని ధర చెప్పే మనిషిని మర్యాదగా పంపించెయ్యి.

నీటి సంగతి కూడా అతని చేతనే చెప్పించు. బోరులో ఉప్పునీరు పడితే, కాలువ నీటితో వచ్చే మున్సిపల్ కుళాయిని తాగడానికి, బోరును వాడకానికి పెట్టుకోవలసి వస్తుంది. వేసవిలో కాలువలు కట్టేశాక కుళాయి నీరు తగ్గితే బోరు మీదే ఆధారపడతాం. ఈ రెండింటికీ ట్యాంకులు, లైన్లు వేరువేరుగా ఉండాలి. మధ్యలో ఒక వాల్వు పెడితే చాలునని ఎవరైనా అంటే ఒప్పుకోకు, ఎందుకంటే ఆ వాల్వు అరిగిన రోజున ఉప్పునీరు తాగునీటిలో కలుస్తుంది. ఉప్పునీటికి జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు) తొందరగా తుప్పు పడుతుంది గనుక దానిని వాడనివ్వకు. వేడినీటికి ఐఎస్ 15778 ముద్ర ఉన్న సీపీవీసీ పైపులను, వాటికి తగిన సొల్యూషన్‌ను ప్లంబర్‌ను వెంటబెట్టుకుని నీవే కొని, రసీదు నీ పేరున రాయించుకో. సెప్టిక్ ట్యాంకు నీరు ఇంకే గుంత తాగునీటి బావికి గాని బోరుకు గాని కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలి. పక్కింటి బోరును కూడా ఈ లెక్కలోకి తీసుకో.

డబ్బు విషయంలో మొహమాటపడకు. ఏ పనికి ఎంత, ఏ సామాను ఎవరిది అన్నది కాగితం మీద రాసుకుని, కొద్దిపాటి అడ్వాన్సు ఇచ్చి, తక్కినది పరీక్షలు ముగిసిన కొద్దీ ఇస్తూ, చివరి భాగం మీరు గృహప్రవేశం చేసి నెల గడిచాక ఇస్తానని ముందే చెప్పు. నిజాయితీగా పని చేసేవాడు దీనికి నొచ్చుకోడు.

అన్నిటికన్నా ముఖ్యం, గిలాబాకు ముందు జరిగే పరీక్ష. సొల్యూషన్ ఆరడానికి ఒక రోజు వదిలి, కుళాయి మూతులన్నీ బిగించి, చేతిపంపుతో పైపుల్లోకి నీరు ఎక్కించాలి. ట్యాంకు నీరు 10 మీటర్ల ఎత్తు నుంచి దిగినా చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడే ఉంటుంది. నేనైతే 5 కిలోల వరకు ఎక్కించి రాత్రంతా ఉంచమంటాను. తెల్లవారి గేజు ముల్లు దిగి ఉంటే ఎక్కడో అతుకు కారుతున్నట్టే. పరీక్ష అయ్యాక ప్రతి గోడకూ కొలత టేపు పట్టి పైపుల ఫొటోలు తీసి పెట్టుకో, రేపు మేకు కొట్టేటప్పుడు పనికొస్తాయి.

పరీక్ష పెట్టే రోజు ముందుగా ఫోను చేస్తే సాయంత్రానికి నేను పాలకొల్లు వచ్చి, రాత్రి అక్కడే ఉండి, తెల్లవారాక గేజు చూసుకుని తిరిగి వస్తాను. అంతవరకు గిలాబా మొదలుపెట్టవద్దని మేస్త్రీకి నా మాటగా చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య