వినని వాయిస్ మెసేజ్‌లు

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. నాలుగేళ్లుగా ఇజ్రాయెల్‌లోని రమత్‌గన్‌లో ఒక యూదు పెద్దాయనకు కేర్‌గివర్‌గా పని చేస్తున్నాను. ఆయనను సబా, అంటే తాత అని పిలుస్తాను. 2025 జూన్‌లో యుద్ధం వల్ల విమానాలు ఆగిపోయిన రోజుల్లోనే ఊళ్లో నా తమ్ముడు బైకు ప్రమాదంలో పోయాడు. దహనం వీడియో కాల్‌లో చూశాను. ఆ బండి నేను కొనిచ్చిందే. అప్పటి నుంచి అంజన్న పటం ముందు దీపం పెట్టడం మానేశాను. సబా తన కొడుకును పోగొట్టుకున్నాడు. అయినా ఏటా ఆ తిథి నాడు వత్తి వెలిగించి, యూదుల ప్రార్థనా మందిరమైన సినగాగ్‌కు వెళ్లి, పోయినవారి కోసం చదివే కద్దీష్ అనే ప్రార్థన చదువుతాడు. పదిమంది పోగయ్యేదాకా ఆయన వీల్‌చైర్ పక్కన నిలబడతాను. వాళ్ల మతంలోకి మారితే నాకూ ఆ నమ్మకం, బతకడానికి ఒక అర్థం దొరుకుతాయా? మరదలికి నెలకు 20,000 రూపాయలు పంపుతున్నాను. ఆమె వాటిని ముట్టకుండా పాప పేరున బ్యాంకులో వేసి, మళ్లీ బీడీలు చుడుతోందని అమ్మ చెప్పింది. నలుగురిలో తలవంపుగా ఉంది. పాప ‘పెద్దబాపూ’ అంటూ పంపిన వాయిస్ మెసేజ్‌లు 11 ఉన్నాయి, వినే ధైర్యం లేదు.

జవాబు: మీరు అడిగిన ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పి దానిని పక్కన పెడతాను. యూదు మతం రమ్మని ఎవరినీ పిలవదు. వస్తామన్న వారిని కూడా రబ్బీలు, అంటే వారి మత గురువులు, మొదట వెనక్కి పంపడమే ఆనవాయితీ. ఆ తరువాత సుదీర్ఘమైన అధ్యయనం, ముగ్గురు కూర్చునే మత న్యాయస్థానం, మగవారికి సున్తీ, స్నాన సంస్కారం ఉంటాయి. యూదులు కానివారు, జలప్రళయం నుంచి బతికి బయటపడ్డ నోవహు సంతతికి చెప్పిన ఏడు నియమాలు పాటిస్తే చాలునని వారి పెద్దలే అన్నారు. మీ సబా దేవుడు మిమ్మల్ని మతం మారమని అడగడం లేదు, కాబట్టి ఆ ఆలోచన ఇక్కడితో వదిలేయండి.

మీరు ఆయన పక్కనే నిలబడి కూడా అసలు సంగతి చూడలేదని నాకు అనిపించింది. కద్దీష్‌లో చావు అన్న మాట ఎక్కడా లేదు; అది మొదటి నుంచి చివరి దాకా దేవుని స్తుతి. కొడుకు పోయిన తండ్రి ఆ స్తుతిని తన గదిలో ఒంటరిగా చదువుకోవడానికి వీల్లేదు. పదిమంది ఉండాలి, ఆయన చదువుతూ ఉంటే వారు ఆమేన్ అనాలి. ఆ పదో మనిషి వచ్చేదాకా ఆగడమే మీకు విసుగు పుట్టించి ఉంటుంది కానీ, దుఃఖంలో ఉన్న మనిషిని పదిమంది మధ్యకు తెచ్చి కూర్చోబెట్టే ఏర్పాటు అందులోనే ఉంది. సబాకు విశ్వాసం ముందు వచ్చి, ఆ తరువాత సినగాగ్‌కు వెళ్లాలనిపించిందని మీరు అనుకుంటున్నారు. వెళ్లగా వెళ్లగా నిలిచిన విశ్వాసం అయి ఉండవచ్చు కదా.

మీ లేఖలో నాకు కనిపించిన అసలు సమస్య మీ మరదలు, ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆమెను మీరు ఇంతవరకు పలకరించకపోవడం. దహనం చూశానన్నారు, డబ్బు పంపానన్నారు, అమ్మ చెప్పిందన్నారు. ఆమెతో మాట్లాడానన్న వాక్యం మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. రాలేకపోవడం మీ తప్పు కాదు, దారులు మూసుకుపోయాయి. దశదిన కర్మ గడిచి ఇన్ని నెలలైనా ఫోన్ తీయకపోవడం మాత్రం మీ తప్పే. చేట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, నడుము పట్టేసేదాకా బీడీలు చుట్టడం ఎవరికీ సరదా కాదు. ఎందుకు పోయావని తన ముందు ఒక్కసారి ఏడవని మనిషి పంపిన డబ్బుతో అన్నం తినడానికి ఆమెకు మనసొప్పలేదు. ఆమె చోట నేనున్నా అలాగే చేసేదాన్ని. అయినా పాప భాగాన్ని పాప పేరున వేసి ఉంచింది, మీ చెయ్యి తోసేయలేదు. అటువంటి మనిషిని చూసి మీకు తలవంపు ఎందుకు?

మీరున్న దేశంలోని వారు తమ పెద్దలలో పెద్దగా తలచే 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ జీవితంలో మీ కథే ఉంది. ఆయన గ్రంథాలు చదువుకుంటూ కూర్చుంటే, తమ్ముడు దావీదు వ్యాపారం చేసి ఇల్లు నడిపేవాడు. ఆ తమ్ముడు సరుకుతో మన వైపే వస్తూ హిందూ మహాసముద్రంలో మునిగిపోయాడు. ఆ కబురు విన్న అన్న దాదాపు ఏడాది పాటు జ్వరంతో, దిగులుతో మంచం పట్టాడు. ఎనిమిదేళ్ల తరువాత స్నేహితుడికి రాసిన ఉత్తరంలో కూడా తనకు ఓదార్పు దొరకలేదని, తమ్ముడు తన మోకాళ్ల మీద పెరిగాడని, అతని చేతిరాత కంటబడితే గుండె తలకిందులవుతుందని రాసుకున్నాడు. యూదుల ధర్మాన్నంతటినీ క్రమంలో పెట్టిన మహాపండితుడు, నాకు అర్థం బోధపడింది అనలేదు. ఆ ఉత్తరంలోనే మరో మాట ఉంది: తమ్ముడు తన భార్యను, చిన్న కూతురును నా దగ్గర వదిలి వెళ్లాడు అని. ఇల్లు గడవడానికి ఆయన వైద్యం చేయడం మొదలుపెట్టి కైరోలో పాలకుల ఆస్థాన వైద్యుడయ్యాడు. ఆయనకు తమ్ముడి చేతిరాత ఎటువంటిదో మీకు ఆ 11 మెసేజ్‌లు అటువంటివి, అందుకే వాటిని తెరవలేకపోతున్నారు. అది నాకు అర్థమవుతుంది. కానీ ఆ పాప సజీవంగా ఉంది, మీ జవాబు కోసం చూస్తోంది.

బండి కొనిచ్చిన పాపం మిమ్మల్ని తింటోందని తెలుసు. తమ్ముడు పొలానికి నడిచి వెళ్లకూడదని కొనిచ్చిన అన్నను ఏ దేవుడూ ఆ కారణాన శిక్షించడు, ఈ ముక్కను ఇంతకన్నా సాగదీయను. నువ్వు కొనిచ్చిన బండి వల్లే పోయాడన్న మాట మీ మరదలి నోటి నుంచి ఎక్కడ వస్తుందోనన్న భయంతోనే మీరు ఫోన్ చేయడం లేదు. రానివ్వండి. ఒక్కసారి అననివ్వండి.

ఫోన్ ఎలా చేయాలో మీ చుట్టూ ఉన్న వారినే చూసి నేర్చుకోండి. ఖననం తరువాత ఏడు రోజులు యూదుల ఇంట పట్టే ‘శివా’ అనే సంతాప దినాల్లో పలకరించడానికి వచ్చినవారు, దుఃఖంలో ఉన్న మనిషి పెదవి విప్పేదాకా తాము మాట్లాడరు, క్షేమం అడగరు. బైబిలులో అన్నీ పోగొట్టుకున్న యోబు స్నేహితులు కూడా ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో పాటు నేల మీద మౌనంగా కూర్చున్నారు; కారణాలు వివరించడం మొదలుపెట్టాకే చెడ్డవారయ్యారు. మీరూ ‘బాగున్నావా’ అనవద్దు, డబ్బు సంగతి, బీడీల సంగతి ఎత్తవద్దు, రాత అలా ఉంది అనవద్దు. బావ వరుస కాబట్టి మీ అమ్మగారిని పక్కన కూర్చోమని చెప్పి, స్పీకర్ పెట్టమనండి. ఊరి నోటికి అది చాలు. రాలేకపోయాను అన్న ఒక్క ముక్క చెప్పి, ఆమె ఏడ్చినా తిట్టినా వినండి.

దీపం సంగతి తరువాత చూద్దాం. ఈ శనివారం సబా మధ్యాహ్నం నిద్రపోయాక బయటకు వెళ్లి ఏదైనా బల్ల మీద కూర్చోండి. 11 మెసేజ్‌లనూ మొదటి దాని నుంచే వరుసగా వినండి, చివరిది పూర్తి కాగానే ఊరికి ఫోన్ కలపండి.