సైలెన్సర్ మార్చే ముందు

అల్లుడికి,

బండికి సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్, వెనక స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) మూడూ ఒకేసారి మార్పిస్తా, మైలేజీ పడిపోతుందా మామా అని అడిగావు. షాపులో జనం ఉండి ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను.

నువ్వు రోజూ నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి పోయి వస్తావు. అరవైలో నిలకడగా పోయే బండికి కావలసిన బలం కొంచెమే. ఇంజన్ బలం పెంచినా ఆ అరవైకి అంతే చాలు. మిక్చర్, అంటే ఇంజన్‌లోకి పోయే గాలి, పెట్రోలు పాళ్లు, కుదిరితే పెట్రోలు పెద్దగా పెరగదు. కొత్త పికప్ చూసి చేయి ఊరుకోనప్పుడే ట్యాంకు ఖాళీ అవుతుంది.

అసలు సంగతి మిక్చర్. పెట్రోలు పూర్తిగా కాలాలంటే 1 గ్రాముకు సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఫుల్ పవర్ కావాలంటే గాలి 13 దగ్గరికి తగ్గాలి, అంటే పెట్రోలు ఎక్కువ పోవాలి. నేను నీ వయసులో నా యమహా ఆర్‌ఎక్స్ 100 బండికి ఫిల్టర్ పీకేశాను, కార్బ్యురేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే మెయిన్ జెట్ మాత్రం మార్చలేదు. గాలి పెరిగింది, పెట్రోలు చాలలేదు. నకిరేకల్ దాటాక ఇంజన్ వేడెక్కి పిస్టన్ పట్టేసింది. ప్లగ్ విప్పి చూస్తే సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. ఆ భయంతో మరీ పెద్ద జెట్ వేయించాను. ఈసారి ప్లగ్ నిండా మసి, మైలేజీ సగానికి పడింది. మిక్చర్ కుదిరిందని చెప్పే లేత గోధుమ రంగు ప్లగ్‌కు వచ్చేదాకా జెట్లు మారుస్తూనే ఉన్నాను.

నీది బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బండి, ఎఫ్ఐ, అంటే కార్బ్యురేటర్ బదులు కంప్యూటర్ లెక్క చూసి పెట్రోలు చిమ్మేది. నిలకడగా పోయేటప్పుడు పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్ చూసి పెట్రోలును అదే సర్దుకుంటుంది, కానీ దానికీ ఒక హద్దుంది. సెన్సర్ బిగించే చోటు లేని సైలెన్సర్ అస్సలు కొనకు. పెట్టె లేకుండా బయటికి తెరిచి ఉండే ఓపెన్ ఫిల్టర్ కూడా వద్దు. వరికోతలప్పుడు మన రోడ్ల మీద లేచే దుమ్ము లోపలికి పోతే పిస్టన్ రింగులు అరిగి, ఆ తర్వాత ఏ ట్యూనింగూ మైలేజీ తేలేదు.

స్ప్రాకెట్ వెనక 42 పళ్లది తీసి 45 వేస్తే, అదే స్పీడుకు ఇంజన్ దాదాపు 7 శాతం ఎక్కువ తిరగాలి. పికప్ బాగుంటుంది గానీ హైవే మీద పెట్రోలు పోతుంది. గేర్‌బాక్స్ దగ్గర స్పీడు సెన్సర్ ఉన్న బండ్లలో మీటర్ కూడా ఎక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది, మైలేజీ తగ్గలేదని మోసపోతావు.

ముందు ఒకే బంకులో ట్యాంకు ఫుల్ చేయించు, మూడు వందల కిలోమీటర్లు తిరిగి మళ్లీ అక్కడే ఫుల్ చేయించు. తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించి రాసిపెట్టు. తర్వాత ఒక్కటే మార్చు, మళ్లీ లెక్క చూడు. సైలెన్సర్‌తో మొదలుపెడదాం, ఆదివారం బండి తీసుకుని రా. పాతది మాత్రం ఎవరికీ అమ్మకు.

నీ మామ