పొలం డబ్బు 14 లక్షలు: ఇంట్లో నలుగురివీ నాలుగు మాటలు

ప్రశ్న: మాది హనుమకొండ. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 22 వేలు. మావారు పురుగుమందుల కంపెనీలో సేల్స్ చూస్తారు, చేతికి 58 వేలు వస్తాయి. ఇద్దరు పిల్లలు. ఇంటి లోను ఇంకా 24 లక్షలుంది, 15 ఏళ్ళు కట్టాలి. వడ్డీ ఎనిమిదిన్నర శాతం. ఈమధ్య మా మామయ్య ఊళ్ళో పొలం అమ్మి మా వాటాగా 14 లక్షలు ఇచ్చారు. లోను కట్టేద్దామని నేనంటున్నాను. కారు కొందామని ఆయన. పాపం, రోజూ బైకు మీద ఊళ్ళు తిరిగి ఇంటికొచ్చేసరికి షర్టు వీపు మీద ఉప్పు చారలు కట్టి ఉంటాయి. భూమి అమ్మిన డబ్బు భూమిలోనే పెట్టాలి, ప్లాటు కొనండి అని మామయ్య. మా అమ్మేమో బంగారం కొనిపెట్టుకోమంటోంది. నెల రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. ఎవరి మాట రైటో చెప్పండి.

జవాబు: నలుగురి మాటా రైటే అని తప్పించుకోవడం నాకు తేలిక. కానీ మీకు కావాల్సింది అది కాదు, లెక్క. చెబుతాను. దానికి ముందు మీతో ఫోన్లో మాట్లాడినప్పుడు తెలిసిన సంగతులు కొన్ని, మీరు సరేనన్నారు కాబట్టి, ఇక్కడ రాస్తున్నాను. అవి లేకుండా ఈ లెక్క అర్థం కాదు.

మీ నాన్నగారికి గుండె ఆపరేషన్ అన్నప్పుడు అమ్మగారు పుస్తెలతాడు తప్ప ఒంటిమీదున్నవన్నీ తీసి ఇచ్చారు. తాకట్టు కొట్టుకు వెళ్ళిన గంటలో డబ్బు చేతికొచ్చింది. అదే సమయంలో మీ పెదనాన్నగారు ఇస్తానన్న డబ్బు మూడు వారాలైనా రాలేదు. ఆవిడ దృష్టిలో బంగారమంటే ఒకరిని బతిమాలకుండా గంటలో దొరికే డబ్బు. మామయ్యది ఇంకో సంగతి. ఆయన అమ్మింది వాళ్ళ నాన్న బావి తవ్వించిన చెలక. ఖాతాలో పడిన మెసేజ్ చూపిస్తే ఆయన ఫోన్ చేతిలోకి కూడా తీసుకోలేదన్నారు మీరు. మీవారికి డీలరు షాపు ముందు కారు దిగేవాడికి కుర్చీ వేస్తారని, బైకు మీద వచ్చినవాణ్ణి 'కాసేపాగు' అంటారని కోపం. ఇక మీరు. పదేళ్ళ వయసులో అరుగు మీద కూర్చున్న వడ్డీ వ్యాపారి మనిషికి 'నాన్న ఇంట్లో లేడు' అని చెప్పమని మిమ్మల్ని పంపేవారు. ఆయన మాత్రం లోపల మంచం మీదే ఉండేవారు.

అందుకే నెల రోజులుగా గొడవ తెగడం లేదు. ఎంత లాభం వస్తుందన్నది అక్కడ ఎవరికీ పట్టలేదు. కాబట్టి నేను ప్రతి మాటకూ రెండు విషయాలు చూశాను: ఆ మనిషికి నిజంగా కావాల్సిందేమిటి, దానికి మీరు కట్టాల్సిన అసలు ధర ఎంత.

మొదట మీ మాటే. 24 లక్షలకు ఎనిమిదిన్నర శాతం మీద 15 ఏళ్ళకు మీ ఈఎంఐ 23,634. చివరిదాకా కడితే మొత్తం నలభై రెండున్నర లక్షలు, అందులో పద్దెనిమిదిన్నర లక్షలు వడ్డీ. మొత్తం 14 లక్షలూ ఇప్పుడే కట్టేసి ఈఎంఐ అలాగే ఉంచితే, 180 నెలల అప్పు 51 నెలల్లో తీరిపోతుంది. ఈ లెక్క చూస్తే ఎవరికైనా చేతులు దురద పెడతాయి. అయినా నేను వద్దంటాను.

ఎందుకంటే మీ నాన్నగారు కట్టింది మూడు రూపాయల వడ్డీ. నూటికి నెలకు మూడు, అంటే ఏడాదికి 36 శాతం. మీ బ్యాంకుది మన ఊరి లెక్కలో చెప్పాలంటే డెబ్బై పైసల వడ్డీ. ఈ రెండింటినీ మీరు ఒకే పేరుతో, అప్పు అని పిలుస్తున్నారు. చిన్నప్పటి భయం ఆ రెంటికీ తేడా చూడనివ్వడం లేదు. ఉన్న డబ్బంతా లోనులో పోస్తే అది గోడలోకి వెళ్ళిపోయినట్టే. రేపు ఆస్పత్రి ఖర్చు వచ్చిందనుకోండి, బ్యాంకు మేనేజరు మీరు ముందుగా కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వడు. అప్పుడు మళ్ళీ రెండు రూపాయలకో మూడు రూపాయలకో తేవాల్సి వస్తుంది. డెబ్బై పైసల అప్పు తీర్చబోయి మూడు రూపాయల అప్పులో పడినవాళ్ళు నా దగ్గరకు చాలామంది వచ్చారు.

ఇప్పుడు కారు. మీవారు చూసిన మోడల్ రోడ్డెక్కేసరికి 11 లక్షలు. డబ్బు ఊరికే వచ్చింది కదా అనిపిస్తుంది, జీతంలోంచి కాదు కదా అని. అందుకే దీన్ని ఆయన పని గంటల్లోకి మార్చి చూద్దాం. నెలకు 26 రోజులు, పొద్దున ఎనిమిదికి బయల్దేరి రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరతారు, అంటే 312 గంటలు. చేతికొచ్చే 58 వేలల్లో బయటి భోజనాలు, డీలర్లకు పోయించే టీలు, నడుం నొప్పి మందులు కలిపి ఆరు వేలు ఉద్యోగం కోసమే ఖర్చవుతాయి. మిగిలేది 52 వేలు. గంటకు 167 రూపాయలన్నమాట. 58 వేల జీతగాడు తన గంట ఖరీదు ఇంతేనంటే నమ్మడు. మీవారూ నమ్మలేదు, స్పీకర్‌లో నవ్వు వినిపించింది. తర్వాత నవ్వు ఆగింది.

ఆ లెక్కన 11 లక్షలంటే 550 రోజుల పని, దాదాపు 21 నెలలు. అది కొనేటప్పటి ధర. ఏడేళ్ళు వాడి నాలుగు లక్షలకు అమ్మారనుకుంటే, నెలకు ఎనిమిది వేల పైచిలుకు విలువ కరిగిపోతుంది. ఇన్సూరెన్సు, సర్వీసింగు కలిపి నెలకు మూడున్నర వేలు వేసుకోండి. కంపెనీ ఇచ్చేది బైకు రేటు పెట్రోలు డబ్బులే. నెలకు 1,500 కిలోమీటర్లు కారులో తిరిగితే, లీటరు 107 అనుకుంటే, పైన పడేది 5,700 దాకా ఉంటుంది. మొత్తం నెలకు పదిహేడున్నర వేలు. అంటే నెలలో దాదాపు తొమ్మిది రోజులు మీవారు ఆ కారు కోసమే తిరగాలి, అదీ కారులోనే.

అలాగని కారు వద్దనను. ఓరుగల్లు మే నెల ఎండలో పన్నెండు గంటలు బైకు మీద తిరగడం విలాసం మానుకోవడం కిందకు రాదు, ఒంటిని ఖర్చు పెట్టడం కిందకు వస్తుంది. అదీ ధరే, మనం ఏ పుస్తకంలోనూ రాయం గానీ. నాలుగైదేళ్ళ పాతదైన చిన్న కారు నాలుగు లక్షలకు దొరుకుతుంది. దూరపు రూట్లకు, ఎండాకాలానికి అది, టౌన్లో తిరగడానికి బైకు. ఇలా అయితే నెలకు తొమ్మిదిన్నర వేలతో, ఐదు రోజుల పనితో సరిపోతుంది. ఆర్సీలో పాత ఫైనాన్స్ ఎంట్రీ (పాత యజమాని కారు లోను నమోదు) తీసేశారో లేదో చూసుకున్నాకే డబ్బివ్వండి. ఇన్సూరెన్సు మీ పేరుకు మార్పించడం మరవకండి. డీలరు కుర్చీ వేస్తాడా లేదా అన్నది మాత్రం నేను చెప్పలేను.

ప్లాటు విషయంలో నా మాట పక్షపాతంగా ఉంటుంది, ముందే ఒప్పుకుంటున్నాను. చాలా ఏళ్ళ క్రితం ఒక వెంచర్ వాళ్ళు ఆదివారం పూట ఏసీ బస్సులో తీసుకెళ్ళి, షామియానా కింద పులిహోర పెట్టి, సాయంత్రానికి నాచేత అడ్వాన్సు కట్టించారు. నేను! రోజూ నలుగురికి జాగ్రత్తలు చెప్పేవాణ్ణి! కొన్నాక అక్కడికి వెళ్ళింది మూడే సార్లు. రెండోసారికి హద్దురాళ్ళు లేవు, మూడోసారికి రోడ్డు కూడా లేదు, కంప మొలిచింది. మా అబ్బాయి కాలేజీ ఫీజుకు అమ్మబోతే పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ చేబదులు తెచ్చి కట్టిన వడ్డీని ఆ ప్లాటు మీద వచ్చిన 'లాభం'లోంచి నేనెప్పుడూ తీసివేయలేదు. తీసేస్తే ఏం మిగులుతుందో తెలుసు కాబట్టే.

కొనేటప్పుడు రిజిస్ట్రేషన్ ఖర్చులే ఏడున్నర శాతం. మధ్యవర్తికి కమీషన్ కొన్నప్పుడూ ఇవ్వాలి, అమ్మినప్పుడూ ఇవ్వాలి. పైగా మామయ్య చూపించిన లేఅవుట్‌కు 'కుడా' (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి గానీ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు గానీ లేదని మీరే చెప్పారు. దాని గురించి ఇక మాట్లాడుకోనక్కర్లేదు. కానీ మామయ్యకు కావాల్సింది చదరపు గజాలేనా? ఊళ్ళో పాత ఇల్లుందనీ, పెంకులు జారి వానాకాలం కురుస్తోందనీ అన్నారు. పొలం పోయాక ఆ ఊళ్ళో ఆయనకంటూ మిగిలింది అదొక్కటే. రెండు లక్షలతో దాన్ని బాగు చేయిస్తానని మీవారి చేత అడిగించండి. దాని మీద పైసా రాబడి రాదు, నాకు తెలుసు. అయినా ఆ 14 లక్షలూ వచ్చింది ఆయన చేతిమీదుగానే.

బంగారం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. లక్ష రూపాయల బంగారాన్ని నగగా కొంటే తరుగు, మజూరి పేరుతో పదిహేను శాతం, ఆపైన మూడు శాతం జీఎస్టీ వేస్తే బిల్లు 1,18,450 అవుతుంది. రేపు అమ్మబోతే చేతికొచ్చేది బంగారం ధర మాత్రమే, రాళ్ళ బరువు తీసేసి మరీ. మీ దగ్గర ఇప్పటికే పన్నెండు తులాలున్నాయి, చాలు. అమ్మగారి భయం ఆస్పత్రి గురించి కాబట్టి దానికి తగ్గ మందు వేరే ఉంది. రెండు లక్షలు మీ ఇద్దరి పేరా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టండి, మీలో ఏ ఒక్కరి సంతకంతోనైనా తీసుకునేలా. కుటుంబానికంతటికీ ఆరోగ్య బీమా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి దాని ప్రీమియం మీద జీఎస్టీ లేదు. కంపెనీ ఇచ్చే పాలసీ ఉందిగా అంటారు మీవారు. ఉద్యోగం మారితే అదీ పోతుంది. జనగామలో ఉండే అమ్మగారికి తెల్ల రేషన్ కార్డు ఉందన్నారు కాబట్టి ఆవిడకు ఆరోగ్యశ్రీ 10 లక్షల వరకు వర్తిస్తుంది. ఆ మాట ఆవిడకు తెలియదని నా అనుమానం.

ఇక మిగిలింది ఆరు లక్షలు. అది లోనుకు కట్టండి. మిగతా 18 లక్షలకు ఇదే ఈఎంఐ కడితే 110 నెలల్లో తీరుతుంది, అంటే దాదాపు ఆరేళ్ళు ముందే. వడ్డీలో పదిన్నర లక్షలు మిగులుతాయి. మీ పెద్ద పాప డిగ్రీ పూర్తయ్యే ఏడాదికి ఇల్లు మీది అవుతుంది.

మీరు అడగనిది ఒకటి. ఆ పొలం ఊళ్ళో వ్యవసాయ భూమి అయి, మున్సిపాలిటీ హద్దు నుంచి జనాభాను బట్టి రెండు, ఆరు లేదా ఎనిమిది కిలోమీటర్ల పరిధికి బయట ఉంటే, అమ్మిన లాభం మీద పన్ను ఉండదు. తండ్రి కొడుక్కి ఇచ్చిన డబ్బుకు కొడుకు పన్ను కట్టక్కర్లేదు. ఒక గిఫ్ట్ డీడ్ రాయించి, సేల్ డీడ్ నకలు, బ్యాంకు స్టేట్‌మెంటుతో కలిపి ఫైల్లో పెట్టుకోండి.

మీది ఫ్లోటింగ్ వడ్డీ, అంటే రేటు మారుతుండే లోను కాబట్టి ముందుగా కట్టినందుకు బ్యాంకు జరిమానా వేయకూడదు. అయితే చాలా చోట్ల కౌంటర్లో ఉన్నవాళ్ళు అడక్కుండానే ఈఎంఐ తగ్గించి, గడువు అలాగే ఉంచేస్తారు. అలా చేస్తే ఈ లెక్కంతా తప్పిపోతుంది. 'ఈఎంఐ మార్చవద్దు, గడువు తగ్గించండి' అని కాగితం మీద రాసిచ్చి, వాళ్ళ ముద్ర వేయించుకున్న కాపీ తెచ్చుకోండి. వారం తర్వాత కొత్త షెడ్యూలు తీయించి చివరి వాయిదా నంబరు చూడండి. అక్కడ 110 ఉండాలి, కొంచెం అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. 180 కనిపిస్తే మళ్ళీ వెళ్ళండి.